పోయినవాళ్ళ ఫోటోలు ఎవరివి?

బరంపురంలో గిరి రోడ్డు పక్క సందులో ఒక ఫోటో స్టూడియో ఉంది. దాని ఓనరుని ఊళ్ళో తెలుగువాళ్ళం మావయ్య అనే పిలుస్తాం. కాలేజీ రోజుల నుంచి ఆయనకి రాక్ సంగీతం పిచ్చి. చనిపోయిన రాక్ కళాకారుల ఫోటోలతో నివాళిగా ఒక పుస్తకం వెయ్యాలని ఈమధ్య పట్టుబట్టాడు. వంద కాపీలు, అమ్మకానికి కాదు, తెలిసినవాళ్ళకి పంచడానికి. పేజీలు కట్టే పని మేనకోడలికి అప్పగించాడు. ఆమె పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. ఫోటోల కింద తెలుగులో నాలుగు ముక్కలు రాసిపెట్టమని నన్ను పిలిచారు. ఆ ముక్కలు ఇంకా రాయలేదు, వాళ్ళ వాదన మాత్రం ఇదిగో. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు.

మేనకోడలు: మావయ్యా, ఈ ఫోల్డర్లో ఫోటోలన్నీ ఎక్కడివి?

మావయ్య: నెట్‌లోవి. మరెక్కడివి? జిమీ హెండ్రిక్స్ మన స్టూడియోకొచ్చి పాస్‌పోర్ట్ ఫోటో దిగాడా?

మేనకోడలు: దిగుంటే ఏ గొడవా లేదు, మీ పేరు వేసేదాన్ని. వీటిలో ఒక్కదానికీ తీసినవాళ్ళ పేరు లేదు. సగం ఫోటోలకి సైజు కూడా లేదు. 12 ఇంటూ 36 అంగుళాల ఆల్బమ్ షీటు మీద పరిస్తే మొహాలు చుక్కలు చుక్కలుగా విడిపోతాయి.

మావయ్య: సైజు సంగతి నువ్వు చూసుకో. పోయినవాడి పుస్తకంలో పోయినవాడి పేరుంటే చాలదా? పెద్దకర్మ కార్డు మీద ఫోటోగ్రాఫర్ పేరు వేస్తామా?

మేనకోడలు: ఆ ఫోటో తీసినందుకు ఇంటివాళ్ళు మీకు డబ్బిస్తారు కదా. మీ మొదటి పేజీ చూడండి. హెండ్రిక్స్ మోకాళ్ళ మీద కూర్చుని, కాలుతున్న గిటార్ ముందు చేతులెత్తి మంటని పైకి రమ్మని పిలుస్తున్నట్టున్నాడు. అమెరికాలో మాంటెరీ సంగీత ఉత్సవం, 1967 జూన్ 18. అది తీసినతను ఎడ్ కరాఫ్. అప్పటికి 17 ఏళ్ళు, హైస్కూలు కుర్రాడు. వేదిక అంచున కుర్చీ ఎక్కి నిలబడి తీశాడు. ఆ కుర్రాడు ఆ రోజు కుర్చీ ఎక్కకపోతే మీకు ఈ మొదటి పేజీయే లేదు.

మావయ్య: సరే, వెయ్యి పేరు. చిన్న అక్షరాల్లో.

మేనకోడలు: పేరు వేసేస్తే అయిపోదు. ముందు అడగాలి.

మావయ్య: ఎవర్ని? ఎక్కడని వెతుకుతాం? మనం చేసేది నివాళి. దండ వెయ్యడానికి పర్మిషన్ ఏంటి?

మేనకోడలు: నివాళి పేరుతోనే ఒక పెద్ద కేసు నడిచింది, వినండి. లిన్ గోల్డ్‌స్మిత్ అనే ఆవిడ 1981లో రాక్ గాయకుడు ప్రిన్స్‌ని ఫోటో తీసింది. 1984లో వానిటీ ఫెయిర్ పత్రిక 400 డాలర్లిచ్చి ఒక్కసారి వాడుకుంటామని తీసుకుంది. దాన్ని చూసి చిత్రకారుడు ఆండీ వార్హోల్ బొమ్మ వేశాడు. ఆ పత్రికకి ఒకటి ఇచ్చి ఊరుకోలేదు, అదే ఫోటోతో ఇంకా చాలా చేసుకున్నాడు. 2016 ఏప్రిల్‌లో ప్రిన్స్ పోయాడు. వెంటనే ఆ పత్రిక కంపెనీయే నివాళి సంచిక వేసింది, అట్ట మీద ఆ బొమ్మల్లోనే ఇంకోటి. వార్హోల్ ఫౌండేషన్‌కి 10,000 డాలర్లు ముట్టాయి. ఫోటో తీసినావిడకి పైసా రాలేదు, పేరు కూడా వెయ్యలేదు. 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా ఆవిడ పక్షానే తీర్పు చెప్పింది.

మావయ్య: వాళ్ళది డబ్బుతో నడిచే పత్రిక. మనది వంద కాపీల వ్యవహారం, అదీ ఉచితం. మన కాపీరైట్ చట్టంలో సొంత వాడకానికి తప్పులేదని ఉంది. 52వ సెక్షన్. నాకూ తెలుసమ్మా.

మేనకోడలు: వందమందికి పంచితే సొంత వాడకం ఎలా అవుతుంది? అదే సెక్షన్లో విమర్శకీ సమీక్షకీ కూడా చోటుంది. ఫోటో గురించి ఏదైనా చెబుతూ వేస్తే ఒక దారి ఉందని వాదించొచ్చు. మీరు పేజీ నిండా మొహం పెట్టి, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ వేసి ఊరుకుంటున్నారు. మన చట్టంలో ఫోటో తీసినవాళ్ళు బతికున్నంతకాలం, వాళ్ళు పోయిన మరుసటి ఏడాది నుంచి ఇంకో 60 ఏళ్ళు హక్కుంటుంది.

మావయ్య: అయితే ఆ 60 ఏళ్ళూ అయ్యాకే వేద్దాం. అప్పటికి నేనూ ఒక పేజీకెక్కుతాను.

(ఆయన ఇలాంటి మాట అన్నాడంటే జవాబు దొరకలేదని అర్థం. ఆమెకీ తెలుసు, ఆగలేదు.)

మేనకోడలు: ఠాకురాణి యాత్రలో మీరు తీసిన ఫోటోని ఎవరో క్యాలెండర్ మీద వేసుకున్నారు. పేరు లేదు. ఆ ఏడాదంతా ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఆ క్యాలెండర్ చూపించి తిట్టింది ఎవరు?

మావయ్య: నేనే. కానీ నేను అడిగిందేంటి? పేరు. డబ్బడిగానా? ముందు నన్నడగలేదేమని అన్నానా? అమ్మవారి ఫోటో నలుగురి గోడల మీదకి చేరితే సంతోషమేగా. కింద నా పేరుంటే ఇంకా సంతోషం. హెండ్రిక్స్ ఫోటోకీ అదే మర్యాద చేద్దామంటున్నాను.

మేనకోడలు: మీరు ఊరుకుంటారని అందరూ ఊరుకోవాలా? అది వాళ్ళ తిండి.

మావయ్య: ఇప్పుడు నా మాట విను. మా రోజుల్లో ఈ ఊళ్ళో ఒరిజినల్ క్యాసెట్లు ఎక్కడ దొరికేవి? లిస్టు రాసిస్తే షాపువాడు టీడీకే 90 ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. అట్ట ఉండేది కాదు, లోపలి కాగితం మీద పాటల పేర్లు బాల్‌పెన్నుతో రాసి ఉండేవి, సగం తప్పులు. పాట మాకు వచ్చేది, మొహం వచ్చేది కాదు. క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీకి మీసం ఉంటుందని నాకు ఎన్నాళ్ళకో తెలిసింది. ఆయన పార్సీ అని, అసలు పేరు ఫరోఖ్ బుల్సారా అని, మన పంచగనిలోనే చదువుకున్నాడని ఇంకా తరవాత తెలిసింది. అప్పటికి ఆయన లేడు. నా వయసువాళ్ళకి వీళ్ళ మొహాలు వాళ్ళు పోయాకే దొరికాయి. ఫోటో తీసినవాడి హక్కు ఒప్పుకుంటాను. మరి మొహం తెలీకుండా పాట నమ్మినవాడి సంగతేంటి? డబ్బున్న ఊళ్ళవాళ్ళే ఏడవాలా?

(ఇక్కడ ఆమె కాసేపు మౌస్ వదిలేసింది. ఈ వాదనంతటిలో నాకు బాగా పట్టినది ఈ ముక్కే. చట్టం దీనికి జవాబు చెప్పదు.)

మేనకోడలు: ఏడవొద్దనలేదు మావయ్యా. ఏ మొహం చూపిస్తున్నాం అనేది కూడా ఉంది కదా. బీటిల్స్ బృందం జాన్ లెనన్ పేజీ చూడండి. మీరు పెట్టిన ఫోటోలో ఆయన ఎవరికో రికార్డు మీద సంతకం చేస్తున్నాడు. ఆ పక్కనున్నవాడు ఎవడో తెలుసా?

మావయ్య: తెలుసు. అందుకే పెట్టాను. 1980 డిసెంబర్ 8. కొన్ని గంటల తరవాత కాల్చింది వాడే. చూసినవాడికి ఒళ్ళు జలదరించాలి.

మేనకోడలు: పేరు కోసం చంపినవాడు మీ పుస్తకంలో సగం పేజీ తీసుకున్నాడు. నివాళి లెనన్‌కా, వాడికా? అదే రోజు ఆనీ లీబోవిట్జ్ తీసిన ఫోటో ఉంది, బట్టల్లేకుండా పసివాడిలా ముడుచుకుని భార్య యోకోని చుట్టుకుని పడుకున్నాడు. అదైతే ఆయన ఇష్టపడి ఇచ్చిన ఫోటో. కాదంటే 1974లో బాబ్ గ్రూయెన్ తీసినది, న్యూయార్క్ సిటీ అని రాసున్న బనియన్‌తో, చేతులు కట్టుకుని.

మావయ్య: మొదటిది ఇంట్లో ఆడవాళ్ళు చూసేలా లేదు. బనియన్ది పెట్టు.

(సంతకం ఫోటో విషయంలో నేను పూర్తిగా అమ్మాయి పక్షం. ఒళ్ళు జలదరించడం వేరు, గౌరవం వేరు.)

మేనకోడలు: ఫ్రెడ్డీదీ అంతే. బుగ్గలు పీక్కుపోయిన ఆఖరి రోజుల ఫోటో పెట్టారు.

మావయ్య: ఆయనే కెమెరా ముందుకొచ్చాడుగా! 1991 మేలో తీసిన ఆఖరి వీడియో ఉంది. నవంబర్ 24న పోయాడు.

మేనకోడలు: ఆ వీడియోని బ్లాక్ అండ్ వైట్‌లో ఎందుకు తీశారు? జబ్బు అంతగా తెలియకూడదని. మేకప్ ఎందుకు? అందుకే. తనకి ఎయిడ్స్ అని లోకానికి చెప్పిందీ పోయే ముందు రోజే. ఎంత కనపడాలో లెక్కపెట్టుకుని కనపడినాయన. ఆ లెక్క దాటి మనమెందుకు చూపించాలి?

మావయ్య: ఊఁ. సరే. తియ్యి. కానీ 27 ఏళ్ళవాళ్ళ భాగం మాత్రం ముట్టుకోవద్దు. బ్రయన్ జోన్స్, హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్, జిమ్ మారిసన్, కర్ట్ కోబేన్. అందరూ 27లోనే. పుస్తకం తెరిచినవాడు ముందు ఆ పేజీలే చూస్తాడు.

మేనకోడలు: జాతకాల పుస్తకం వేస్తున్నామా? 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో దీనికి లెక్క వేశారు. బ్రిటన్‌లో నంబర్ వన్ ఆల్బమ్ ఉన్న 1046 మందిని తీసుకున్నారు. 27లో ప్రత్యేకంగా ఎక్కువమంది పోలేదు. ఇరవైల్లో, ముప్పైల్లో మాత్రం మామూలు జనం కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ పోతున్నారు. అసలు సంగతి అదీ: మందు, మత్తు, నిద్రలేని టూర్లు. మీరు 27 అని ఒక గూడు కడితే బడ్డీ హాలీని ఎక్కడ కూర్చోబెడతారు? 1959 ఫిబ్రవరి 3న విమానం కూలి పోయేటప్పటికి 22. అదే విమానంలో రిచీ వాలెన్స్, 17. చక్ బెర్రీ 90 దాకా బతికాడు. నిండుగా బతికినందుకు వెనక పేజీల్లోకి తోసేస్తారా?

మావయ్య: చక్ బెర్రీని ముందుకి తెస్తాను. గిటార్ వాయిస్తూ బాతులా నడిచే ఫోటో ఒకటుంది, చూడు, ఎంత...

మేనకోడలు: ఎవరు తీశారు?

మావయ్య: మళ్ళీ మొదటికొచ్చావ్!

మేనకోడలు: ఎవర్నీ అడగక్కర్లేని ఫోటో ఒకటి నేనే తెచ్చాను. 1970 డిసెంబర్ 21, వైట్‌హౌస్‌లో ఎల్విస్ ప్రెస్లీ, అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చేతులు కలుపుతున్నారు. తీసింది ప్రభుత్వ ఫోటోగ్రాఫర్, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది, ఎవరైనా వాడుకోవచ్చు. పెద్ద సైజు ఫైలు. వెనక జెండాలు, ముందు ఎల్విస్ బెల్టు బకిల్, చూడండి, మన స్టీలు ప్లేటంత ఉంది.

మావయ్య: ఆ రోజు ఎందుకెళ్ళాడో తెలుసా? మత్తుమందుల నిరోధక శాఖ బ్యాడ్జి కావాలని! ఇచ్చారు కూడా. ఏడేళ్ళు తిరక్కుండా, 42కే పోతే, ఒంట్లో మందుల జాబితా ఎంతని. ఇది పెట్టు. ఇదే మొదటి పేజీ.

(హెండ్రిక్స్ మంట అలా రెండో పేజీకి జరిగింది.)

మేనకోడలు: ఇంకొకటి. మొత్తం పుస్తకంలో మనవాళ్ళు ఒక్కరూ లేరు. కలకత్తాలో మొహీనేర్ ఘోడాగులి పెట్టిన గౌతమ్ చట్టోపాధ్యాయ్ 1999లో పోయాడు. దేశంలో తొలి రాక్ బృందాల్లో అదొకటి. హౌరా బండెక్కితే రాత్రికి రాత్రి చేరొచ్చు, ఇంటివాళ్ళని నేరుగా అడగొచ్చు.

మావయ్య: ఆయన పాటలు నేను వినలేదే.

మేనకోడలు: మీ షాపువాడు ఎక్కించలేదు, అంతే. ఇప్పుడు వినండి.

మావయ్య: వింటాన్లే. ముందు ఒక మాట తేల్చు. అడిగితే ఇవ్వనన్నవాడి పేజీ ఏం చేస్తావ్?

మేనకోడలు: ఖాళీగా వదిలేస్తాను. పేరు, తేదీలు, తీసినవాళ్ళ పేరు, ఆ ఫోటోలో ఏముందో మాటల్లో. అందుకేగా ఈయన్ని పిలిచింది.

(నావైపు చూపించింది. నాకు కొంచెం టెన్షన్ మొదలైంది.)

మావయ్య: ఖాళీ పేజీకీ బైండింగ్ ఖర్చు అంతే అవుతుందే! సరే, మెయిల్ రాయి. ముందు ఆ మంట ఫోటోకి. వంద కాపీలని, ఉచితమని మొదటి లైన్లోనే పెట్టు. డాలర్లలో రేటు చెబితే మాత్రం నాకు చెప్పకు, మీ అత్తకి అసలు చెప్పకు.