కొత్తవాళ్లు తడబడితే ఆ లోపం కంపైలర్‌దే

కాలేజీ ల్యాబ్‌లో నేను రాసిన మూడో సీ ప్రోగ్రాం రన్ చేయగానే స్క్రీన్ మీద రెండే మాటలు వచ్చాయి. సెగ్మెంటేషన్ ఫాల్ట్. అంటే, ప్రోగ్రాం తాకకూడని మెమరీని తాకిందని. ఏ లైన్లో? ఎందుకు? ఇప్పుడేం చేయాలి? దేనికీ జవాబు లేదు. సార్‌ని అడిగితే పాయింటర్లు, అంటే మెమరీ చిరునామాల పాఠం, మళ్లీ చదువుకోమన్నారు. మా బ్యాచ్‌లో కొందరు ఆ సెమిస్టర్‌లోనే ప్రోగ్రామింగ్ మనవల్ల కాదని తేల్చేసుకున్నారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. ఎక్కడ తప్పారో చెప్పే దిక్కు లేక.

అందుకే రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి 'మంచి భాషే, కానీ కొత్తవాళ్లకు కాదు' అనే మాట విన్నప్పుడల్లా నాకు మండుతుంది. 2015 మేలో 1.0 వెర్షన్ వచ్చినప్పటి నుంచీ ఇదే పాట. ప్రతి విలువకూ ఒక్కరే సొంతదారు ఉండాలనే దాని ఓనర్‌షిప్ నియమాలు కష్టమే, కాదనను. కానీ కష్టమైన భాషను సులువు చేయాలంటే నియమాలను సడలించాల్సిన పనిలేదు. మనం రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌కి మాట్లాడటం నేర్పిస్తే చాలు. రస్ట్ చేసిచూపించింది అదే.

ఒక వేరియబుల్‌లో మీ ఊరి పేరు స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా, పెట్టారు. దాన్ని ఇంకో వేరియబుల్‌కి ఇచ్చేశారు. తర్వాత మొదటిదాన్ని ప్రింట్ చేయమన్నారు. రస్ట్ ఒప్పుకోదు. ఒప్పుకోనని ఎలా చెబుతుందో చూడండి. మీరు రాసిన లైన్లనే మీ ముందు పెట్టి, ఒక్కోదాని కింద గీత గీస్తుంది. ఇది స్ట్రింగ్, దానంతటది కాపీ అవదు. ఇదిగో, ఈ లైన్లో విలువ చేతులు మారింది. మారిన తర్వాత ఇక్కడ మళ్లీ వాడారు. అదనపు ఖర్చు పర్లేదనుకుంటే క్లోన్, అంటే విడిగా ఒక నకలు, చేసుకోండి, రాయాల్సిన చోటు ఇదీ. పైన E0382 అని ఒక నంబరు కూడా ఉంటుంది. దాన్ని వివరించమని అడిగితే ఉదాహరణలతో సహా పాఠమే వస్తుంది. ఈ సందేశాల రూపాన్ని 2016లో, ఎల్మ్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష నుంచి స్ఫూర్తి పొంది, మొత్తంగా మార్చారు.

అంతకన్నా పెద్ద మాట 2018 డిసెంబరుది. అప్పటిదాకా ఒక విలువను సొంతం చేసుకోకుండా వాడుకోవడానికి రిఫరెన్స్ తీసుకుంటే, దానితో పని అయిపోయినా బ్రాకెట్ ముగిసేదాకా అది పట్టులోనే ఉన్నట్టు కంపైలర్ లెక్కేసేది. 'నా పని అయిపోయింది కదా, ఇంకా ఎందుకు ఒప్పుకోవు?' అని కొత్తవాళ్లు అడిగేవారు. మధ్యలో ఇంకో జత బ్రాకెట్లు పెట్టుకో, అదే అలవాటవుతుంది అని అనుభవజ్ఞులు చెప్పేవారు. 1.31 వెర్షన్‌తో ఆ లెక్క మారింది. చివరిసారి ఎక్కడ వాడారో అక్కడితో పట్టు వదిలేస్తుంది. భద్రత ఇసుమంత కూడా తగ్గలేదు. అంటే కొత్తవాళ్ల ప్రశ్నే న్యాయమైనది, ఇన్నాళ్లూ సర్దుకుపొమ్మన్న పెద్దలదే పొరపాటు! ఎవరైనా తడబడిన ప్రతిచోటా ముందు పనిముట్టును అనుమానించాలని నేననేది అందుకే.

తంటాలు పడితేనే చదువు వంటబడుతుందనే వాళ్లున్నారు. కంపైలర్ చెప్పిందని ప్రతిచోటా గుడ్డిగా క్లోన్ తగిలించే కుర్రాళ్లను నేనూ చూశాను. కానీ సందేశం అర్థంకాక పాడైన గంటల్లో మెమరీ గురించి ఎవరూ ఏమీ నేర్చుకోరు. నేర్చుకునేది భయమే.

ఆ సందేశం ఎంత బాగున్నా ఇంగ్లీషులోనే ఉండటం నా అసలు బాధ. సీ ప్రోగ్రాంలకు వాడే జీసీసీ కంపైలర్ తన సందేశాలను ఫ్రెంచి, జర్మన్, జపనీస్, వియత్నామీస్ భాషల్లో చెబుతుంది. తెలుగులో చెప్పదు. రస్ట్ బృందం 2022లో అనువాదాల కోసం కంపైలర్ లోపల ఏర్పాట్లు మొదలుపెట్టింది, దాన్నుంచీ తెలుగు సందేశాలు రాలేదు. ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్న మనం, ఊళ్లో తెలుగు మీడియంలో చదువుకొచ్చిన పిల్లకు ఇంగ్లీషు, ప్రోగ్రామింగ్ అనే రెండు బరువులు ఒకేసారి నెత్తికెత్తుతున్నాం.

సాంకేతిక విషయాలకు తెలుగులో మాటలేవీ అంటారా? రస్ట్‌లో అన్నిటికన్నా గందరగోళపెట్టే 'బారో'నే, అంటే ఇందాకటి రిఫరెన్స్ తీసుకోవడాన్నే, చూడండి. దాన్ని అప్పు అనకూడదు. అప్పు తెచ్చిన వెయ్యి రూపాయలు వేరే నోట్లతో తీర్చొచ్చు. అది అరువు. పెళ్లికి అరువు తెచ్చుకున్న నెక్లెస్‌ని అదే నెక్లెస్‌గా తిరిగివ్వాలి. అది ఇంకొకరి మెడలో ఉన్నంతసేపూ సొంతదారు కూడా దాన్ని అమ్ముకోలేడు. మా అమ్మకు తెలిసిన నియమమే అది, రస్ట్‌లోనూ అదే.