తొక్కడానికే వేశాను, గోడకు తగిలించకండి

పోయిన శనివారం ఒక స్నేహితురాలి ఇంటికి భోజనానికి వెళ్ళాం. రెండేళ్ళ క్రితం వాళ్ళ గృహప్రవేశానికి నేను చేసిచ్చిన ఫ్లోర్‌క్లాత్ హాల్లో గోడకు వేలాడుతూ కనిపించింది. "తొక్కడానికి మనసు రాలేదే" అంది. వాళ్ళ అత్తగారు కూడా "ఇంత కష్టపడి వేసినదాన్ని కాళ్ళ కింద వేసుకుంటామా అమ్మా?" అన్నారు. అది ప్రేమతో అన్నమాటే, నాకు తెలుసు. అయినా ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఇలా గోడెక్కినవాటిలో ఇది నాలుగోది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మందపాటి కాన్వాస్ గుడ్డకు రంగులు వేసి, పైన వార్నిష్ పట్టించి నేల మీద పరుచుకునేదే ఫ్లోర్‌క్లాత్. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోనూ, మేముంటున్న అమెరికాలోనూ కలిగినవాళ్ళ ఇళ్ళలో ఇవి ఉండేవి. ఓడల తెరచాపలకు వాడే లాంటి గుడ్డ, అవిసె నూనెలో కలిపిన రంగులు. ఎక్కువగా పాలరాతి నేలలా కనిపించే నలుపు తెలుపు గళ్ళు వేసేవారు. మసాచుసెట్స్ గవర్నర్ విలియం బర్నెట్ 1729లో చనిపోయాక రాసిన ఆస్తుల జాబితాలో, బల్ల కింద పరిచే పాత గళ్ళ కాన్వాసులు రెండు ఉన్నాయి. ఆ 'పాత' అన్న మాట నాకు చాలా ఇష్టం. గవర్నర్ గారింట్లో కూడా అది బల్ల కిందే ఉంది, బూట్ల కింద నలిగింది, పాతదైంది. అలా పాతబడినా జాబితాలో రాసేంత విలువ దానికుంది. థామస్ జెఫర్సన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు భోజనాల గదిలో ఆకుపచ్చ రంగు వేసిన కాన్వాస్ పరిపించాడు. కింద ఉన్న మంచి నేల మీద జిడ్డు పడకూడదని. తర్వాత 1863లో ఫ్రెడరిక్ వాల్టన్ లినోలియంకు, అంటే అవిసె నూనెతో తయారుచేసి నేల మీద పరిచే షీటుకు, పేటెంట్ తీసుకున్నాడు, అది చవగ్గా రావడంతో వీటి రోజులు పోయాయి.

అసలు పని ఎలా జరుగుతుందో చూస్తే మీకే అర్థమవుతుంది, ఇదంతా పాదాల కోసమే అని. నేను పదో నంబర్ కాటన్ డక్ కాన్వాస్, అంటే ఒత్తుగా నేసిన మందపాటి నూలు గుడ్డ, వాడతాను. రంగుకు ముందు వేసే అడుగు పూత, అదే ప్రైమర్, పడగానే గుడ్డ ముడుచుకుంటుంది కాబట్టి కావలసిన కొలతకన్నా నాలుగు అంగుళాలు ఎక్కువే కత్తిరిస్తాను. రెండు మూడు పూతల ప్రైమర్, ప్రతి పూత ఆరాక సాండ్‌పేపర్. తర్వాత అంచుల్ని అంగుళం వెనక్కి మడిచి జిగురు పెట్టి అణచాలి. మూలల్లో గుడ్డను ఏటవాలుగా కత్తిరించకపోతే అక్కడ పొరలు పేరుకుని లేస్తాయి, నడిచేవాళ్ళ వేలికి తగులుతాయి. ఒక మూల కుదరక మూడుసార్లు ఊడదీసి అతికించిన రాత్రులున్నాయి. గోడకు తగిలించేదైతే ఆ మూల గురించి ఎవరికి కావాలి?

రంగు వేయడం అన్నిటికన్నా సులువైన భాగం. వేశాక నీళ్ళలో కలిసే రకం పాలియురెథేన్ వార్నిష్ ఐదారు పూతలు వేస్తాను. నూనెతో చేసే రకం ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కి తెలుపును పాడుచేస్తుంది. ఒక్కో పూతకీ మధ్య ఆరబెట్టడం, మెల్లగా రుద్దడం, దుమ్ము తుడవడం. ఆ ఐదారు పూతలూ చెప్పులకీ, కుర్చీ కాళ్ళకీ, ఒలికిన సాంబారుకీ. గోడకైతే ఒక్క పూత చాలు.

ఇక కాళ్ళ కింద వేయడం తప్పు అనేవాళ్ళకు ఒక్క మాట. మాది పెడన దగ్గర ఊరు. మా అమ్మ రోజూ తెల్లవారుజామున కళ్ళాపి చల్లి గుమ్మం ముందు చుక్కల ముగ్గు పెట్టేది. పాలవాడి సైకిల్, బడికి పరుగెత్తే మేము, వీధి కుక్క, అందరం దాని మీదుగా వెళ్ళేవాళ్ళమే. మధ్యాహ్నానికి సగం చెరిగిపోయేది. అమ్మ ఏనాడూ బాధపడలేదు, మర్నాడు ఇంకో ముగ్గు పెట్టేది. నేలకోసం గీసినది నేల మీద అరిగిపోతే దానికి అవమానం జరిగిందని మన ఇళ్ళలో ఎవరూ అనుకోలేదు.

గౌరవం సంగతి నేనూ ఆలోచించకుండా లేను. నా గుడ్డల మీద దేవుళ్ళను వేయను, లక్ష్మీ పాదాలు వేయను, అక్షరాలు వేయను. ఓంకారం వేసిమ్మని అడిగిన ఆర్డర్ వదులుకున్నాను. తొక్కకూడనివి వేయకుండా జాగ్రత్తపడేది నేను. మిగిలినదాన్ని నిశ్చింతగా తొక్కండి.

జాగ్రత్తలు పెద్దగా లేవు. తడిగుడ్డతో తుడవండి. మెత్తటి కార్పెట్ మీద కాకుండా గట్టి నేల మీద పరవండి. ఎప్పుడూ మడవకండి, మడత పడ్డచోట రంగు పగులుతుంది. తీసి దాచాల్సివస్తే రంగు వైపు బయటికి ఉండేలా చుట్టండి. అరిగిందని ఫోన్ చేయండి, వచ్చి మళ్ళీ పూత వేసిస్తాను, డబ్బులు కూడా అడగను.

మా వంటింట్లో స్టవ్ ముందున్నది ఏడేళ్ళది. నేను నిలబడే చోట రంగు పోయి కాన్వాస్ పోగులు కనిపిస్తున్నాయి. వచ్చే శనివారం దానికి సాండ్‌పేపర్ పట్టి, ఎర్ర అంచు తిరిగి వేస్తాను. మా ఆయనకు ముందే చెప్పేశాను, ఆ రెండు రోజులూ వంట ఆయనదేనని, అదీ గరాజ్‌లో పొయ్యి మీదేనని.