రుతుపవనాలు వెళ్లిపోయాయట, ఇక వాన భయం లేదట!

అక్టోబరు వచ్చిందంటే మా బంధువుల గ్రూపులో ఒక మెసేజ్ వాలిపోతుంది. ఈ ఏడూ వాలింది. సారాంశం ఇదీ: “రుతుపవనాలు వెళ్లిపోయాయి, ఇక పెద్ద వానలుండవు. పేరు పెట్టలేదంటే అది తుపానే కాదు, భయం లేదు. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లకు అసలు బెంగే అక్కర్లేదు. రెడ్ అలర్ట్ అంటారు, మా ఊళ్లో చినుకు పడదు. అంతా టీవీల హడావుడి.” మా బాబాయి దీనికి చప్పట్లు కూడా కొట్టాడు. పెద్దాయనతో నలుగురిలో వాదులాట ఎందుకని ఇక్కడ రాస్తున్నాను.

వెళ్లిపోయేవి నైరుతి రుతుపవనాలు. సెప్టెంబరు 17 ప్రాంతంలో పడమటి రాజస్థాన్‌లో మొదలై, అక్టోబరు 15కల్లా దేశమంతా వదిలిపోవడం మామూలు లెక్క. ఆ వెనకే ఈశాన్య రుతుపవనాలు తమిళనాడు, కోస్తాంధ్ర, రాయలసీమల మీదికి వస్తాయి. బంగాళాఖాతం అప్పటికింకా వేడిగానే ఉంటుంది, తుపాన్లకు ఆ వేడే బలం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. 2018లో తిత్లీ ఒక్కరోజు ముందు, 11న వచ్చింది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. “విశాఖ విసరకుంటే” (విశాఖ కార్తెలో పెనుగాలి కొట్టకుంటే) పంట దక్కుతుందని పాతకాలం రైతులు కార్తెల లెక్కన భయపడింది ఈ రోజులకే. పోనీ, సముద్రమే లేని చోట? 2021 అక్టోబరులో రుతుపవనాలు ఉత్తరాఖండ్‌ను వదిలేశాక, పడమటి నుంచి వచ్చిన అలజడికి అల్పపీడనం తేమ తోడైంది. ముక్తేశ్వర్‌లో ఒక్కరోజులో 34 సెంటీమీటర్లు కురిసి, వందేళ్ల పైబడిన రికార్డు చెరిగిపోయింది.

ఇక పేరు సంగతి. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటేనే తుపాను అంటారు, అప్పుడే పేరు పెడతారు. అంటే పేరు గాలిని బట్టి వస్తుంది, వానను బట్టి కాదు. 2020 అక్టోబరు 13 తెల్లవారుజామున కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండానికి ఏ పేరూ లేదు. ఆ రాత్రి హైదరాబాద్ ఏమైందో చూసినవాళ్లను అడగండి. ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు. కాలనీల్లో పడవలు తిరిగాయి.

ఈ ఉదాహరణతోనే “సముద్రం మాకు దూరం” అన్న మాటా కొట్టుకుపోయింది. చాలదంటే 2025 చూడండి. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు, బలహీనపడ్డాక, మునిగింది వరంగల్. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు నీళ్లలో ఉన్నాయి.

అసలు గొడవంతా రెడ్ అలర్ట్ దగ్గరే. బాబాయి చప్పట్లు ఊరికే కొట్టలేదు, రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజు వాళ్ల ఊళ్లో నిజంగానే చినుకు లేదు. కానీ వాతావరణ శాఖ బులెటిన్ ఏమందో చదవాలి కదా. “ఒకటి రెండు చోట్ల” అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పావు వంతుకు మించకుండా అని. “కొన్ని చోట్ల” అంటే సగం దాకా. “చాలా చోట్ల” అంటే ముప్పావు వంతు దాకా. అలాగే “భారీ” అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటడం, “అతి భారీ” అంటే 115.6 నుంచి, “అత్యంత భారీ” అంటే 204.5 నుంచి. జిల్లాలో ఒకటి రెండు చోట్ల అత్యంత భారీ వాన పడుతుందన్నా జిల్లా మొత్తానికి ఎరుపు వేయొచ్చు. ఆ ఒకటి రెండు చోట్లలో మీ ఊరు లేకపోతే మీ అదృష్టం. పైగా రంగు వాన కొలత ఒక్కటే కాదు. జరగబోయే నష్టమెంత, జరిగే అవకాశమెంత అన్నవి కలిపి చూసి వేస్తారు. పసుపంటే గమనిస్తూ ఉండండి, నారింజంటే సిద్ధంగా ఉండండి, ఎరుపంటే కదలండి.

అంచనాలు తప్పవా? తప్పుతాయి. తుపాను దారి మళ్లుతుంది. ఏ ఊరి మీద పిడుగు పడుతుందో ముందురోజు ఎవరూ చెప్పలేరు; అందుకే ఉరుముల మెరుపుల హెచ్చరికలు మూడు గంటలకోసారి ఇస్తారు. టీవీల హడావుడి అన్నమాట మాత్రం ఒప్పుకుంటాను. అది వాతావరణ శాఖ బులెటిన్‌లో లేదు.

అన్నట్టు, చప్పట్లు కొట్టిన బాబాయే నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు. “ఒరేయ్, కోత మిషన్‌కి చెప్పమంటావా?”

“బులెటిన్‌లో ‘చాలా చోట్ల’ అని ఉంది బాబాయ్, నాలుగు రోజులు ఆగు” అన్నాను.