మధురవాడలో మేం కొనని స్థలానికి

మహారాజశ్రీ తూర్పు ముఖం, రెండు వందల గజాల కార్నర్ బిట్టు గారికి,

మా మావయ్య తమర్ని కొనలేదు. ఈ సంగతి తమరికి తెలుసో లేదో గానీ, విశాఖలో కంచరపాలెం నుంచి కొమ్మాది దాకా మా చుట్టాలందరికీ తెలుసు. ఎవరింట్లో శుభకార్యమైనా సరే, విస్తట్లోకి పెరుగన్నం వచ్చేసరికి తమరూ వచ్చేస్తారు. "అప్పుడక్కడ నక్కలు తిరిగేవిరా. జీడితోట. ఆ ఎర్రమట్టి ఎవుడు కొంటాడనుకున్నాను" అని మొదలెట్టి, ఈనాటి గజం రేటు దగ్గర ఆపుతాడు మావయ్య. రిజిస్ట్రార్ ఆఫీసు కంటే ఆయనే ముందు పెంచుతాడు.

2005 ఏప్రిల్ 5న తమరి పొరుగున ఉన్న స్టేడియంలో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టాడు. ఊరంతా గంతులేసింది. మావయ్య మాత్రం టీవీ ముందు తల పట్టుకున్నాడు, సిక్సరు పడ్డప్పుడల్లా తమరి ధర లేస్తోందని. తర్వాత కొండ మీదికి ఐటీ కంపెనీలొచ్చాయి. ఇక చెప్పేదేముంది.

అసలు తమరికి ఒక్క వంకైనా లేదు, అదే నా బాధ. డబ్బు పోసి కొన్న స్థలాలకి హద్దు తగాదాలుంటాయి. అమ్ముదామనుకున్న రోజున సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ జాబితాలో తేలుతుంది. ఒకే ప్లాటుని ముగ్గురికి అమ్మిన ఘనులూ ఉన్నారు. హుద్‌హుద్ తుఫానుకి ఊళ్ళో ఎన్ని ప్రహరీలు కూలాయో! తమరి ప్రహరీకి పెచ్చు కూడా ఊడలేదు. కట్టనే లేదు కదా మరి.

ఈ జబ్బుకి మందని మావయ్యకి ఒక ఎపిసోడ్ చూపించాను. స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్ అనే అమెరికన్ టీవీ సీరియల్ ఆరో సీజన్‌లోది, పేరు 'టాపెస్ట్రీ', 1993లో వచ్చింది. అందులో అంతరిక్ష ఓడ నడిపే కెప్టెన్ పికార్డ్, కెప్టెన్ కాకముందు కుర్రతనపు దుడుకుతో నౌసికన్లనే ముగ్గురు మొరటువాళ్ళతో తగువు పడతాడు. వీపులో దిగిన కత్తి గుండెని చీల్చుకుని ఇవతలికొస్తుంది. అప్పట్నించీ కృత్రిమ గుండె. ఏళ్ళు గడిచాక ఆ గుండె వల్లే ప్రాణం మీదికొస్తే, క్యూ అనే సర్వశక్తిమంతుడు ప్రత్యక్షమై, వెనక్కి పోయి దిద్దుకోమంటాడు. పికార్డ్ ఆ కొట్లాట జరగనివ్వడు. కళ్ళు తెరిచేసరికి అదే ఓడలో నీలం యూనిఫాం, చిన్న ఉద్యోగం, చేతిలో ఎవరికో అందించాల్సిన రిపోర్టు. పెద్ద పోస్టు అడిగితే, పనిమంతుడివే గానీ చొరవ లేదని పైవాళ్ళు మర్యాదగా తేల్చేస్తారు. ఇలా బతికేకంటే నేను నేనుగా చావడమే నయమని వెనక్కెళ్ళి, ఆ పోటే పొడిపించుకుని, ఛాతీలోంచి పొడుచుకొచ్చిన మొనని చూసి నవ్వుతాడు.

ఇది చూసి మావయ్య తమర్ని క్షమిస్తాడనుకున్నాను.

"ఆడు కెప్టెను కదేట్రా, కత్తి దిగినా నవ్వొస్తాది" అన్నాడు. "ఆ నీలం చొక్కావోడి మాటేటి? ఆడి దగ్గరికి ఏ దేవుడూ రాడేటి?"

మావయ్య పాతికేళ్ళకి పైగా అకౌంట్స్ సెక్షన్లో ఫైళ్ళు మోసి రిటైరైనవాడు. ఆయనకి ఆ ప్రశ్న రాకపోతేనే వింత. నీలం చొక్కావాడు చేసిన పాపమేమిటి? టైముకొచ్చాడు, చెప్పిన పని చేశాడు. ఆ బతుకు చావుకంటే హీనమని తీర్పిచ్చింది కెప్టెన్ కుర్చీలో కూర్చుని లేచినవాడు. నిన్ను నువ్వు ఒప్పుకో అని నేర్పుతూనే, ఒప్పుకోకూడని మనిషి వీడు అని ఒక గుమాస్తాని చూపించారు. తమరిదీ ఇదే వ్యాపారం. తమరి పక్కన నిలబెడితే మావయ్య సొంతిల్లు కూడా అద్దిల్లులా కనిపిస్తుంది.

ఒక్క విషయం మాత్రం తమరి దృష్టికి తేవాలి. తమరికి బయానా కోసం దాచిన డబ్బుతోనే మావయ్య మా అమ్మ పెళ్ళి చేశాడు. తమరు రిజిస్టరై ఉంటే ఆ సంబంధం లేదు, నేనూ లేను. మొన్న ఈ మాటే ఆయనతో అన్నాను. "ఒరే, నీ కన్నా ఎక్కువేటిరా!" అంటాడని చూశాను. అన్నాడు, కాదనను. కాకపోతే కాస్త ఆలస్యంగా అన్నాడు. మధ్యలో గజాలు లెక్కపెట్టుకున్నట్టున్నాడు.

కాబట్టి తమరు ఇకనైనా ఎవరో ఒకరికి అమ్ముడుపోండి. ఇన్నేళ్ళుగా మా ఇంటిల్లిపాది బుర్రల్లో ఖాళీగా పడున్నారు. ఖాళీ స్థలం పన్ను మేమే కడుతున్నాం.

ఇట్లు,
తమరికి బదులుగా పుట్టినవాడు