అమ్మకి ఆ ఊరు సరిపోతుందా?

మేముండేది ఇంగ్లండ్‌లో, ష్రాప్‌షైర్ కౌంటీలో. లడ్లో టౌన్ నుంచి ఎనిమిది మైళ్ళు లోపలికి వస్తే మా పల్లె. నలభై ఇళ్ళు, ఒక చర్చి, ఒక పబ్, ఒక విలేజ్ హాలు. మా బావమరిది లండన్‌లో, ఈస్ట్ హామ్‌లో ఉంటాడు. వాళ్ళావిడ పురుడు కోసం మా అత్తగారు తెనాలి నుంచి, ఏప్రిల్‌తో గడువు తీరే వీసా మీద వస్తున్నారు. పురుడు డిసెంబర్‌లో అయిపోతుంది. జనవరి నుంచి ఆవిడ ఎక్కడుండాలన్నదే తగువు. నవంబర్ చివరి శనివారం మా వంటింటి బల్ల దగ్గర మా ఆవిడకీ, వాళ్ళ తమ్ముడికీ మధ్య జరిగిన వాదన ఇది. టీ పెడుతూ నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

తమ్ముడు: అక్కా, ఒకసారి కిటికీలోంచి చూడు. టైమెంత? నాలుగున్నర. బయట ఏమన్నా కనిపిస్తోందా?

అక్క: చీకటి పడింది. నవంబర్ కదా మరి.

తమ్ముడు: ఈస్ట్ హామ్‌లోనూ చీకటి పడింది. కానీ అక్కడ వీధి దీపాలున్నాయి, కొట్లు తెరిచి ఉంటాయి, మనుషులు తిరుగుతుంటారు. ఇక్కడ ఒక్క వీధి దీపం లేదు. తెనాలిలో సాయంత్రమైతే అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరినీ పలకరించే మనిషి అమ్మ. ఆవిణ్ణి తెచ్చి ఇక్కడ కూర్చోబెడితే ఎవరితో మాట్లాడుతుంది?

అక్క: మీ మెట్ల మీద నాలుగేళ్ళుగా ఎక్కి దిగుతున్నావు. పక్క ఫ్లాట్ వాళ్ళ పేరు చెప్పు చూద్దాం.

తమ్ముడు: వాళ్ళ పేరు నాకు తెలియకపోవచ్చు. కానీ పది నిమిషాలు నడిస్తే మురుగన్ గుడి ఉంది. కరివేపాకు, మునక్కాడలు దొరికే కొట్టు ఇంకా దగ్గర. అక్కడ తెలుగులో అడిగినా పనైపోతుంది. నీకు గుడికి వెళ్ళాలంటే బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో ఉన్న బాలాజీ గుడే గతి. గంట డ్రైవింగ్! అమ్మకి డ్రైవింగ్ రాదు. ఇక్కడ కారు లేకపోతే కాళ్ళు లేనట్టే.

అక్క: పోయినసారి వచ్చినప్పుడు నెల రోజులుంది కదరా. ఎప్పుడైనా విసుగు అందా? ఎదురింటావిడ గుర్తుందా నీకు?

తమ్ముడు: చిక్కుళ్ళ ఆవిడేనా?

(ఆ ఆగస్టులో ఊరంతటికీ రన్నర్ బీన్స్ విరగకాశాయి. ఎవరికి ఎక్కువైతే వాళ్ళు పక్కింటి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయేవారు. మా అత్తగారు వాటిని చూసి ఇవి మన చిక్కుళ్ళే అని తేల్చారు. ఎదురింటి పెద్దావిడేమో కత్తితో ఏటవాలుగా సన్నగా తరిగేది. అత్తగారు గోటితో ఈనెలు లాగి, చేత్తో తుంచేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరి పద్ధతి చూసి ఇంకొకరు తల అడ్డంగా ఊపుకుంటూ, మధ్యాహ్నమంతా ఒకే పళ్ళెం ముందు కూర్చున్నారు.)

అక్క: ఆవిడే. అమ్మ వండిన కూర గిన్నె ఖాళీ చేసి, కడిగి, అందులో నాలుగు గుడ్లు పెట్టి ఇచ్చింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని ఆవిడకెవరు నేర్పారు?

తమ్ముడు: సరే, ఆవిడ ఇప్పుడెక్కడుంది?

(మా ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు.)

తమ్ముడు: నువ్వే చెప్పావు. కంటిచూపు తగ్గి, కారు నడపొద్దన్నారు. వారానికి రెండే బస్సులు. ఇక్కడ ఉండలేక ష్రూస్‌బరీలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. యాభై ఏళ్ళున్న మనిషినే ఈ ఊరు ఉంచుకోలేకపోయింది. నువ్వు రోజూ పొద్దున్న వాకింగ్‌కి వెళ్ళే ఆ దారి ఒకప్పుడు రైలు పట్టాలన్నావు కదా. రైల్వే నష్టాలు తగ్గించడానికని 1963లో వచ్చిన బీచింగ్ రిపోర్టు రెండు వేలకు పైగా స్టేషన్లు మూసెయ్యమంది. అప్పుడు పోయిన రైలు మళ్ళీ రాలేదు. నీకది అందమైన నడక దారి, ఆవిడకేమో ఊరు వదిలి వెళ్ళాల్సిన కారణం.

అక్క: అది నిజమేరా. కాదనను.

తమ్ముడు: ఇంకోటి. అమ్మకి బీపీ ఉంది. రాత్రి ఏదైనా అయితే? మొబైల్ సిగ్నల్ మేడ మీద కిటికీ దగ్గరే వస్తుంది. 2027 జనవరికల్లా పాత రాగి తీగల ఫోన్లు తీసేస్తున్నారు. ఆ తర్వాత ఫోన్ ఇంటర్నెట్ రూటర్ మీదే నడుస్తుంది. కరెంటు పోతే, బ్యాటరీ పెట్టుకోకపోతే ల్యాండ్‌లైనూ పోయినట్టే. పోయిన శీతాకాలం గాలివానకి మీకు కరెంటు ఎన్ని రోజులు లేదు?

అక్క: రెండు రోజులు. ఆ రెండు రోజులూ ఏం జరిగిందో కూడా విను. మొదటి రాత్రి ఏడింటికి ఎవరో తలుపు కొట్టారు. పబ్ నడిపేవాళ్ళు. కట్టెల పొయ్యి వెలిగించాం, సూప్ కాచాం, రండి అన్నారు. ఊళ్ళో కట్టెల పొయ్యి లేని ఇళ్ళు ఏవో వాళ్ళకి తెలుసు. మీ బావ ఫ్లాస్కు పట్టుకుని కొండ మీది ఇంటికి నడిచాడు, అక్కడ ఒక్క ముసలాయనే ఉంటాడని. ఫోన్ పనిచేయకపోతే ఇక్కడ మనిషే వస్తాడు.

తమ్ముడు: అంబులెన్స్ రావాలి కదా అక్కా, మనిషి కాదు.

అక్క: అంబులెన్స్ వచ్చేసరికి ఆలస్యమవుతుందని అందరికీ తెలుసు. అందుకే ఆ ఎర్ర టెలిఫోన్ బూత్‌ని ఊరు ఒక్క పౌండుకి తీసుకుని అందులో గుండెకి షాక్ ఇచ్చే మెషీన్ పెట్టింది. దాన్ని ఎలా వాడాలో హాల్లో నేర్చుకున్నాం. నేనూ నేర్చుకున్నాను.

తమ్ముడు: బస్సు, ఫోన్, ఆసుపత్రి అన్నీ ప్రభుత్వం చూడాల్సినవి. అవి లేకపోతే మీరు మీరు సర్దుకుంటున్నారు. దాన్ని గొప్పగా చెప్తున్నావు. అంటే అమ్మ కారున్న వాళ్ళ దయ మీద బతకాలా?

అక్క: దయ అనకు. అది వంతు.

తమ్ముడు: పేరు మారిస్తే సరిపోతుందా?

అక్క: పేరు కాదురా. హాలు తలుపు మీద ఒక కాగితం ఉంటుంది. ప్రతి బుధవారం టీ. ష్రూస్‌బరీ నుంచి ఎదురింటావిణ్ణి తీసుకొచ్చి, మళ్ళీ దిగబెట్టాలి. నాలుగు ఇళ్ళ పేర్లున్నాయి ఆ కాగితం మీద. రెండో బుధవారం నాది. ఆవిడ వెళ్ళిపోయిందన్నావు. ఇంట్లోంచి వెళ్ళింది, ఊళ్ళోంచి వెళ్ళలేదు. మంగళవారం రాత్రి చర్చిలో గంటలు మోగించడానికి వెళ్తాను తెలుసు కదా. నేను చర్చిలో ప్రార్థనకి వెళ్ళనని వాళ్ళకి తెలుసు. అయినా తాడు చేతికిచ్చారు. ఎందుకంటే గంటలు ఆరు, ఒక్కోదానికి ఒక మనిషి కావాలి. నేను వెళ్ళకపోతే ఐదుగురే. ఈ దేశానికి వచ్చి పద్నాలుగేళ్ళయింది. నేను రాకపోతే ఒకటి తక్కువవుతుందని అనిపించింది ఈ ఒక్క ఊళ్ళోనే.

(ఈ మాట ఆమె నాతో కూడా ఎప్పుడూ అనలేదు. టీ పొంగింది, చూసుకోలేదు.)

తమ్ముడు: అది నీకు, అక్కా. నీకు ఇంగ్లీషు వచ్చు, కారుంది, ఒంట్లో ఓపికుంది. అమ్మకి ఆరో గంట ఎవరిస్తారు?

అక్క: చిక్కుళ్ళు ఎవరిచ్చారు?

తమ్ముడు: జనవరిలో చిక్కుళ్ళు కాయవు. గ్యాస్ లైను లేదు, ట్యాంకర్‌తో ఐదు వందల లీటర్ల ఆయిల్ పోయించుకుంటే తప్ప ఇల్లు వేడెక్కదు. పొలాల్లో నడుద్దామంటే మోకాలి లోతు బురద. కంచె దగ్గర చెక్క మెట్లు ఎక్కి దిగాలి, అమ్మ మోకాళ్ళు చూశావుగా. వేసవిలో అయితే నేనే దింపుతాను. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు, తోటలు, జనం. శీతాకాలం మాత్రం నా దగ్గర ఉండనీ.

అక్క: ఏప్రిల్‌కి వీసా అయిపోతుంది. వేసవి ఎక్కడ మిగిలింది? నాకు అమ్మ దగ్గర ఉండాలనుంటుంది కదరా.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. నేను మళ్ళీ టీ పెట్టాను. మా బావమరిది లేచి మేడ మీది కిటికీ దగ్గరికి వెళ్ళి తెనాలికి వీడియో కాల్ చేశాడు. అక్కడ రాత్రి పదిన్నర దాటింది. ఆవిడ ఇంకా మేలుకునే ఉన్నారు. ఎక్కడున్నావురా అంటే అక్క దగ్గర అన్నాడు. ఎదురింటావిడ బాగుందా అని అడిగారు. వాడు చప్పున జవాబివ్వలేక ఫోన్ అక్క చేతికిచ్చాడు. మా ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది, కళ్ళ సంగతీ, ష్రూస్‌బరీ సంగతీ. కిందికి దిగి వచ్చాక మళ్ళీ వాడే అందుకున్నాడు.)

తమ్ముడు: జనవరిలో నీ వంతు ఎప్పుడు?

అక్క: రెండో బుధవారం. పండగ దగ్గర్లోనే పడుతుంది.

తమ్ముడు: ఆ వారానికి తీసుకొస్తాను. నేనే కారులో దింపుతాను. మిగతా మూడు నెలల మాట మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.

అక్క: వచ్చేటప్పుడు మీ కొట్లో మంచి చిక్కుళ్ళు పట్రా.