డిసైడ్ అన్న మాటలో కోత ఉందని ఆ పిల్లకు ఎవరు చెప్పాలి?

నిన్న సాయంత్రం మా అక్క కూతురు తన ఇంగ్లీషు నోటుపుస్తకం తెచ్చి నా ముందు తెరిచి పెట్టి, ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చుంది. ఏడో తరగతి పిల్ల. ఆ పేజీలో ఒకే ముగింపు గల పదాలన్న శీర్షిక కింద సైడ్ అని ముగిసే మాటలు పన్నెండు వరుసగా ఉన్నాయి. హోమిసైడ్, జెనోసైడ్, పెస్టిసైడ్, హెర్బిసైడ్, ఇలా అన్నీ చంపడం గురించిన మాటలే, ఒక్కొక్కదానికి ఎదురుగా ఒక్కొక్క అర్థం, సోమవారం అప్పజెప్పాలని పైన సూచన. ఆ పన్నెండింటి కింద పిల్ల తనంతట తాను పదమూడో మాటగా డిసైడ్ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత, ఆ కింద ఇది అనవసరమైన ప్రశ్న అని ఇంగ్లీషులో ఒక వ్యాఖ్య.

“దీంట్లో కూడా సి, ఐ, డి, ఇ ఉన్నాయి కదా పిన్నీ, మరి ఇందులో చచ్చిపోయేది ఎవరు అని అడిగాను. అందరూ నవ్వారు. టీచర్ కూడా నవ్వారు” అన్నది. ఈ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. ఆ పేజీ మొత్తంలో ఆలోచన అనదగినది ఏదైనా ఉంటే అది ఆ పదమూడో మాట ఒక్కటే. దానినే కొట్టేశారు.

పిల్ల అడిగింది నూటికి నూరు పాళ్లు సరైన ప్రశ్న. లాటిన్ భాషలో కైడెరె అని ఒక క్రియ ఉంది, దానికి కోయడం, నరకడం, చంపడం అన్నీ అర్థాలే. హోమిసైడ్‌లో మనిషిని చంపడంగా, ఇన్సెక్టిసైడ్‌లో పురుగును చంపేదిగా వచ్చింది ఆ క్రియే. డిసైడ్‌లో ఉన్నది కూడా అదే. ముందున్న డి అన్న చిన్న ముక్కకు ‘విడిగా, అవతలికి’ అన్న అర్థం ఉన్నది కనుక, అటా ఇటా అని సాగుతున్న విషయాన్ని కోసి ఒక పక్కకు వేయడమే డిసైడ్. కన్‌సైజ్ అంటే కత్తిరించి కుదించినది, ప్రిసైజ్ అంటే అంచు దాకా చెక్కినట్టుగా ఉన్నది. శస్త్రవైద్యుడు పెట్టే ఇన్‌సిషన్, ఇంట్లో సిజర్స్, ఈ పిల్ల సైన్సు పుస్తకంలోనే కుంతకాలన్న పేరుతో ఉన్న ఇన్‌సైజర్ పళ్లు, అన్నీ ఆ ఒక్క కోతకు పుట్టినవే. ఈ మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పి ఉంటే పన్నెండు మాటలు కంఠస్థం చేయవలసిన పిల్లకు ఇరవై మాటలు ఊరికే వచ్చి ఉండేవి.

నన్ను ఇంకా బాధపెట్టేది ఏమిటంటే, ఈ విషయం తెలుగు పిల్లకు చెప్పడం ఇంగ్లండులో పిల్లకు చెప్పడం కన్నా తేలిక. తాడు తెగింది అంటాము, బేరం తెగింది అంటాము, ఎన్నేళ్లయినా ఆ స్థలం తగాదా తెగలేదు అంటాము, శత్రువును తెగటార్చాడు అని కథల్లో చదువుతాము. కోత, నిర్ణయం, చావు, మూడూ ఒక్క ‘తెగు’ అన్న ధాతువులో మనకు అమ్మ ఒడిలోనే దొరికాయి. లాటిన్ వాడికి కైడెరె ఎలాంటిదో మనకు తెగడం అలాంటిది. ఆ పిల్ల వాళ్ల నాయనమ్మ సంతలో కూరగాయల దగ్గర రోజూ వాడే మాటతో ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కానీ ఆ బడిలో తరగతి గదిలో తెలుగు మాట్లాడకూడదని నియమం ఉన్నది కాబట్టి జవాబు గుమ్మం బయటే ఉండిపోయింది.

ముగింపుకు అర్థం ఉంటుందన్న సంగతి మనకు కొత్త కూడా కాదు. శత్రుఘ్నుడు అంటే శత్రువులను చంపేవాడు, కృతఘ్నుడు అంటే చేసిన మేలును చంపేవాడు. ఆ చివరి ‘ఘ్న’ అచ్చంగా ఇంగ్లీషు సైడ్ చేసే పనే చేస్తున్నది. మరి విఘ్నంలో చచ్చేది ఎవరు? ఎవరూ లేరు, పని దెబ్బ తిని ఆగుతుంది, అంతే. డిసైడ్ గురించి పిల్ల అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే. కలిమి, లేమి, చెలిమి, బలిమి అని వరుసగా చెబితే చివరి ‘మి’ ఏం చేస్తున్నదో చదువురాని ముసలమ్మకు కూడా చెవికి తెలుస్తుంది. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో తద్ధిత పరిచ్ఛేదమని, కృదంత పరిచ్ఛేదమని ప్రత్యయాల కోసమే ప్రకరణాలు ఉన్నాయి. ఆ పరిచ్ఛేదమన్న మాటలో ఉన్నది కూడా ఛేదమే, అంటే కోతే. ఇంత సంపద ఇంట్లో పెట్టుకుని, పరాయి భాష ముగింపులను అర్థం లేని శబ్దాలుగా పిల్లల నోట్లో కుక్కుతున్నామన్నదే నా కోపం.

ఒకే తోక ఉన్న మాటలన్నీ ఒకే ఇంటివి కావన్నది కూడా నిజమే, అందుకే ఇది జాబితాతో తీరే పని కాదంటున్నాను. కోయిన్‌సైడ్ అన్న మాట చివరా ఆ నాలుగు అక్షరాలే ఉన్నాయి, కానీ దాని మూలం కడెరె, అంటే పడటం. రెండు సంగతులు ఒకేచోట వచ్చి పడటం కోయిన్‌సైడ్. ఇన్సిడెంట్, యాక్సిడెంట్ అన్నవి దీని చుట్టాలు. ఇన్‌సైడ్, రోడ్‌సైడ్ అన్నవి మరీ వేరు. తెలుగు లిపిలో రాస్తే అన్నిటి చివరా ఒకే సైడ్ కనబడుతుంది గాని ఇంగ్లీషు వర్ణక్రమంలో వాటికి సి బదులు ఎస్ ఉంటుంది, అర్థం పక్క అని. వినికిడి ఒకటి, రాత ఒకటి, మూలం ఒకటి. ఏడో తరగతి పిల్ల రాతను చూసి అనుమానపడింది, అంటే చూడవలసిన చోటే చూసింది.

జెనోసైడ్ అన్న మాట కూడా ఆ జాబితాలో ఉంది. దాని ఎదురుగా ‘ఒక జాతిని చంపడం’ అన్న అర్థం రాసి వదిలేశారు. ఆ మాట 1944కు ముందు ప్రపంచంలో లేదు. పోలండ్‌కు చెందిన రఫాయెల్ లెమ్కిన్ అనే యూదు న్యాయవాది, నాజీల చేతిలో తన వాళ్లను పోగొట్టుకున్నవాడు, జాతి అన్న అర్థం గల గ్రీకు మాటకు లాటిన్ ముగింపును జతచేసి దానిని తయారుచేశాడు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికలో ఆ మాట నేరం పేరుగా నిలిచింది. ముగింపు అర్థం చేతిలో ఉన్నవాడు పేరు లేని ఘోరానికి పేరు పెట్టగలిగాడు. పిల్లలకు చెప్పవలసిన కథ ఇదీ. అప్పజెప్పించుకునే మాటల్లో ఒకటిగా దానిని చూడటం నాకు సహించరానిదిగా ఉంది.

పెస్టిసైడ్ దగ్గర కూడా ఒక మాట చెప్పాలి. మనం దానిని పురుగుల మందు అంటాము, హెర్బిసైడ్‌ను కలుపు మందు అంటాము, ఫంగిసైడ్‌ను తెగులు మందు అంటాము. జ్వరానికి వేసుకునేదీ మందే, చేలో కొట్టేదీ మందే. ఈ ఒక్కచోట ఇంగ్లీషు ముగింపు మన మాట కన్నా సూటిగా ఉంది. సైడ్ అన్నదంటే ఆ డబ్బాలో ఉన్నది చంపేదే. డబ్బా మీద చతురస్రం కింది సగంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఏదో ఒకటి వేసి విషం తీవ్రత చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి. ఆ రంగుల వరుస, ఈ ముగింపు అర్థం రెండూ ఒకే పాఠంలో చెప్పదగినవి. చేను ఉన్న ప్రతి ఇంటి పిల్లకూ అది పరీక్ష మార్కుల కన్నా ముందు కావలసిన చదువు.

ఇంత కోపం ఒక ఎర్రగీతకే వచ్చిందా అని మీరు అడగవచ్చు. లేదు, ఇది పాత గాయం. పన్నెండేళ్ల కిందట మా మేనత్తకు ఒక పట్నంలోని ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి ఆపరేషన్ చేశారు. అప్పటికి ఆమె వయసు ముప్పై ఎనిమిది. మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఆడవాళ్లు ఆ వయసుకే ఆ ఆపరేషన్ చేయించుకున్నారో నేను చెప్పనక్కరలేదు, మీ ఇళ్లలోనూ ఉంటారు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో టోటల్ అబ్డామినల్ హిస్టరెక్టమీ విత్ బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ అని ఉంది. ఆ కాగితం మందుల దుకాణంలో గట్టిగా చదివి వినిపించింది నేనే. అప్పటికి నేను డిగ్రీ పూర్తిచేసి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. ఫోబియా అని ముగిసేవి నలభై, ఆలజీ అని ముగిసేవి యాభై నాకు నోటికి వచ్చు. అత్తయ్య “ఏమని రాశారే?” అని అడిగితే, “గర్భసంచి తీసేశారని రాశారత్తయ్యా” అన్నాను.

ఆ తరువాత ఆమెకు రాత్రిళ్లు ఒళ్లంతా చెమటలు, ఉన్నట్టుండి ఆవిర్లు, కీళ్ల నొప్పులు, నిద్ర లేకపోవడం. వయసు మీద పడుతున్నదని, బరువు పెరిగిందని అందరం తలా ఒక మాట అన్నాము. నాలుగేళ్ల తరువాత వేరే ఊళ్లో ఒక డాక్టరమ్మ ఆ పాత కాగితం చూసి, “రెండు అండాశయాలు కూడా తీసేశారు కదా, మీకు చెప్పలేదా?” అని అడిగారు. చెప్పలేదు. అండాశయాలు తీసేస్తే శరీరంలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. ముట్లు సహజంగా ఆగిపోయే వయసుకు ఎంతో ముందే ఆ మార్పు వచ్చిపడుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అందుకు వాడవలసిన మందులు ఉన్నాయి, చేయించుకోవలసిన పరీక్షలు ఉన్నాయి. నాలుగేళ్లు అవేవీ లేవు. ఎందుకంటే ఆపరేషన్‌కు ముందు వాళ్లు చెప్పలేదు, తరువాత కాగితంలో రాసినది నేను చదవగలిగి కూడా చదవలేకపోయాను.

ఇక్కడా ఉన్నది కోతే. గ్రీకు భాషలో టొమె అంటే కోత. చివర ఒటమీ అని ఉంటే కోసి తెరవడం, ఎక్టమీ అని ఉంటే కోసి బయటికి తీసేయడం, ఆస్టమీ అని ఉంటే బయటికి నోరులాంటి దారి ఒకటి ఏర్పాటు చేయడం. ఈ మూడింటి మధ్య తేడా తెలిసినవాళ్లకు ఆ కాగితంలో రెండుసార్లు ఎక్టమీ కనబడుతుంది, అంటే తీసినది ఒక్క గర్భసంచి కాదన్న అనుమానం వెంటనే వస్తుంది. రెండో మాటకు అర్థం తెలియకపోయినా, “ఇంకోటి కూడా తీశారా?” అని అడగడానికి ఆ ముగింపు ఒక్కటి చాలు. అడిగే అవకాశం నాకు ఉన్నది. అడగడం నాకు ఎవరూ నేర్పలేదు. ఆ నలభై ఫోబియాల్లో ఒక్కటి కూడా మా అత్తయ్యకు పనికిరాలేదు.

ఐటిస్ అంటే వాపు, ఈమియా అంటే రక్తానికి సంబంధించినది, ఆల్జియా అంటే నొప్పి. తలనొప్పి, నడుంనొప్పి, పంటినొప్పి అనే మన వరుసలోకి న్యూరాల్జియా, అంటే నరాల నొప్పి, సూటిగా వచ్చి కూర్చుంటుంది. నోస్టాల్జియాలో ఉన్నది కూడా ఆ నొప్పే. 1688లో యోహాన్నెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి, ఇల్లు విడిచి దూరదేశంలో ఉన్నవాళ్లు బెంగతో మంచం పట్టడాన్ని ఒక జబ్బుగా వర్ణించడానికి, ఇంటికి తిరిగి చేరడమన్న గ్రీకు మాటకు నొప్పిని అతికించి ఆ పేరు పెట్టాడు. ఇంటి మీద బెంగ అని మనం అనే మాటకు అది ఎంత దగ్గరిదో హాస్టల్లో పెరిగిన ఏ పిల్లవాడికైనా చెప్పి చూడండి, జన్మలో మరిచిపోడు. ఇంటర్మీడియట్‌లో బైపీసీ పిల్లలు ఇలాంటి మాటలను వందలకొద్దీ అర్ధరాత్రి దాకా వల్లె వేస్తున్నారు. వాళ్లకు కూడా ఈ తోకల అర్థం ఎవరూ విడదీసి చెప్పడం లేదు, చెప్పే తీరిక లేదంటారు. వల్లె వేయించడానికి మాత్రం తీరిక దొరుకుతున్నది.

నిన్న రాత్రి నేనూ ఆ పిల్లా కూర్చుని పన్నెండు మాటలనూ రెండేసి ముక్కలుగా విడదీశాము. మొదటి ముక్క ఎవరిని, రెండో ముక్క ఏం చేస్తుంది అని తనే గడులు గీసుకుంది. డిసైడ్ దగ్గరికి వచ్చినప్పుడు బేరం తెగడం గురించి చెప్పాను. కాసేపు ఆలోచించి, “అయితే తెగింపు కూడా ఇందులోదేనా పిన్నీ?” అని అడిగింది. అవునన్నాను. పదమూడో గడి గీసి డిసైడ్‌ను మళ్లీ రాసింది, ఈసారి ప్రశ్నార్థకం పెట్టలేదు. సోమవారం నేను బడికి వెళ్లి ఆ టీచరమ్మగారిని కలుస్తాను. ఆ ఎర్రగీత పక్కన, పిల్ల అడిగినది సరైన ప్రశ్నేనని ఆమె చేత్తోనే రాసి సంతకం చేయమని అడుగుతాను.