ముప్ఫై వేల ఈగల యజమాని

కుక్కను పెంచేవాణ్ణి చూస్తే కుక్క తోక ఊపుతుంది. పిల్లి కనీసం మొహం తిప్పుకుంటుంది. ముప్ఫై వేల ప్రాణుల్ని ఇంటికి తెచ్చుకుని, వాటిలో ఒక్కటీ తనను ఖాతరు చేయకపోయినా 'నేను తేనెటీగల్ని పెంచుతున్నానండీ' అని చెప్పుకు తిరగడానికి మాత్రం గుండె ధైర్యం కావాలి. అది నా దగ్గర దండిగా ఉంది.

ముందు పెట్టె. 1852లో లాంగ్‌స్ట్రాత్ అనే అమెరికా మతబోధకుడు పేటెంటు తీసుకున్న పద్ధతిలో, ఈగలు తుట్టె కట్టే చట్రాల చుట్టూ 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందు వదలాలి. తక్కువైతే ఈగలు జిగురుతో పూడ్చేస్తాయి, ఎక్కువైతే అక్కడో అడ్డ తుట్టె కడతాయి. యజమానిని కదా, రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే సర్దుకుంటాయిలే అనుకున్నాను. నెల తిరిగేసరికి మూత తీయడానికి గడ్డపలుగు తేవాల్సి వచ్చింది.

ఇక పొగ. ఈగ కుట్టినప్పుడు వచ్చే వాసన మిగతావాటికి యుద్ధభేరి. ఆ వాసనను పొగ కప్పేస్తుంది. ఆ యుద్ధభేరి అచ్చం అరటిపండు వాసనలా ఉంటుందన్న సంగతి నేను రెండు పళ్ళు తిని పెట్టె తెరిచాక తెలిసింది. ముసుగు బయట ముప్ఫై వేలు ముసిరినా టెన్షన్ లేదు. లోపల ఒక్కటి దూరితే ఉంటుంది చూడండి! ఎడమ కంటికి రెండంగుళాల దూరంలో, వల మీద తీరిగ్గా నిలబడి, ముందుకాళ్ళతో మీసాలు దువ్వుకుంది. తర్వాత ముక్కు మీద కుట్టింది. కొండిని వెంటనే గోటితో గీకేయాలట. చేతికి తొడుగు, తలకు ముసుగు ఉన్నవాడు ఎలా గీకాలో ఎవరూ చెప్పలేదు. (ఇది మాత్రం వ్యంగ్యం కాదు: ఈగ కుడితే ఒళ్ళంతా దద్దుర్లు లేచేవాళ్ళు, ఊపిరాడనివాళ్ళు ముందు డాక్టరును కలవండి.)

మగ ఈగలకు కొండి లేదు, ఇంటిపనీ లేదు. చలికాలం ముందు ఆడ ఈగలు వాటిని బయటికి గెంటేస్తాయి. ఈ విషయం ఇంట్లో చెప్పకండి. నేను చెప్పాను.

తేనె సంగతా? ఒక కూలి ఈగ జీవితాంతం కష్టపడి చేసేది చెంచాలో పన్నెండో వంతు. మొదటి ఏడాది వాటి తిండికి వదిలేయడమే మర్యాద. ఈ మర్యాద తెలియని చుట్టాలు అప్పటికే ఖాళీ సీసాలు పంపేశారు.

రెండో ఏడాది, పూలు విరగబూసే రోజుల్లో పెట్టె కిక్కిరిసింది. అలాంటప్పుడు పాత రాణి సగానికి పైగా జనాన్ని వెంటేసుకుని ఇల్లు వదిలిపోతుంది. యజమానికి నోటీసు ఇచ్చే పద్ధతి లేదు. నేను పెట్టె దగ్గరికి వెళ్ళేసరికే దండంతా గోడ దాటి పక్కింటాయన స్కూటరు హ్యాండిలుకు గుమ్మడికాయంత గుత్తిగా వేలాడుతోంది. అలా వలసపోయేటప్పుడు కడుపునిండా తేనె తాగి ఉంటాయి కాబట్టి సాధారణంగా కుట్టవు. ఆ మాట ఆయనకు చెబుదామనే పరుగెత్తాను.

"ఇవి మీవేనాండీ?" అన్నాడాయన, ఆఫీసు బ్యాగు గుండెకు హత్తుకుని.

"ఏమోనండీ, ఎక్కడివో పాపం" అన్నాను.

నెత్తిన ముసుగు, చేతిలో పొగడబ్బా అలాగే ఉన్నాయి.